ఎగిరే ముందు కెరటాల్ని చూడండి!

సెలవులకు కేరళ వెళ్లేవాళ్ల జాబితాలో మున్నార్, అలెప్పీల పక్కన ఇప్పుడు వర్కల కూడా ఉంటోంది. తిరువనంతపురం జిల్లాలో సముద్రాన్ని ఆనుకుని నిలువునా లేచిన ఎర్రటి కొండ అంచు. పైన కాఫీ హోటళ్లు, దుకాణాలు, కింద పాపనాశం బీచ్. పెద్దవాళ్లు జనార్దనస్వామి గుడి గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. పిల్లల చూపు మాత్రం ఆకాశంలో ఉంటుంది. అక్కడ రంగురంగుల పారాగ్లైడర్లు కొండ అంచు వెంటే అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి మరి! 'నాన్నా, నేనూ ఎక్కుతా' అనడానికి ఎంతోసేపు పట్టదు.

వద్దు అనేయడం తేలిక. డబ్బులు తీసి ఇచ్చేయడం ఇంకా తేలిక. ఆ రెండింటికీ ముందు ఓ పావుగంట అక్కడే నిలబడి చూడండి. ఏం చూడాలో తెలిస్తే ఆ పావుగంటే చాలా విషయాలు చెబుతుంది.

పారాగ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు. గాలి కదలని రోజున అది సెకనుకు మీటరు పైచిలుకు చొప్పున కిందికి జారుతూనే ఉంటుంది. వంద అడుగుల కొండ మీంచి దూకితే అర నిమిషంలో ఇసుక మీద ఉంటారు. మరి గంటల తరబడి ఎలా ఎగురుతున్నారు? సముద్రం మీంచి వచ్చే గాలి కొండకు తగిలి, వెళ్లే దారి లేక పైకి లేస్తుంది. కొండ ముందు, అంచు పొడవునా, కంటికి కనపడని ఓ పట్టీలా ఆ పైకి లేచే గాలి ఉంటుంది. ఆట మొత్తం ఆ పట్టీలోనే. అందుకే తీరంలో పొద్దున్నే ఎవరూ ఎగరరు. రాత్రి చల్లబడిన నేల మీంచి గాలి సముద్రం వైపు వీస్తుంది, కొండ అంచు దాటగానే కిందికి దిగిపోతుంది. ఎండెక్కి, నేల వేడెక్కాక గాలి దిశ మారుతుంది. మధ్యాహ్నం నుంచీ సందడి!

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. ప్రమాదం అంటే కింద పడటం అనుకుంటారు. సముద్రపు కొండ మీద అంతకన్నా భయపడాల్సింది వెనక్కి కొట్టుకుపోవడం గురించి. పారాగ్లైడర్ మామూలు వేగం గంటకు 35 నుంచి 40 కిలోమీటర్లు. ఎదురుగాలి కూడా అంతే ఉంటే ఆకాశంలో ఉన్నచోటే ఆగిపోతుంది. గాలి ఇంకాస్త పెరిగిందో... ముఖం సముద్రం వైపే ఉంటుంది, ప్రయాణం మాత్రం వెనక్కి. కొండ అంచు దాటి వెనకపడితే అక్కడ గాలి సుడులు తిరుగుతుంటుంది. ఏటిలో బండరాయి వెనక నీళ్లు సుళ్లు తిరిగినట్టే. ఆ సుడిలో గుడ్డ రెక్క ముడుచుకుపోవచ్చు. కింద ఉండేది ఇసుక కాదు... కరెంటు తీగలు, కొబ్బరిచెట్లు, హోటళ్ల కప్పులు!

ఇంకో లెక్క కూడా ఉంది. గాలి 20 కిలోమీటర్ల నుంచి 28కి పెరిగితే 'ఎనిమిదేగా' అనిపిస్తుంది. కానీ దాని ఒత్తిడి దాదాపు రెండింతలవుతుంది. కొండ అంచు దగ్గర గాలి ఇరుకుదారిలో దూరినట్టు ఇంకా వేగం పుంజుకుంటుంది. కింద బీచ్‌లో హాయిగా ఉన్న గాలి పైన నిలబడనివ్వకపోవడం అందుకే.

వేగం కొలిచే పరికరం మన దగ్గర ఉండదు కదా? అక్కర్లేదు, ఎదురుగా అంత సముద్రం ఉంది. బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లోనే గాలి బలానికి ఓ కొలబద్ద తయారుచేశాడు. నావికులు ఇప్పటికీ దాన్నే వాడతారు. ఒడ్డున విరిగే కెరటాల్ని వదిలేసి దూరంగా చూడండి. నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే గాలి సుమారు 12-19 కిలోమీటర్లు. ఎటు చూసినా నురగ కనిపించడం మొదలైతే 20 దాటినట్టే. సముద్రమంతా తెల్లబడి, తుంపర కూడా లేస్తోందంటే 29-38 మధ్యన ఉన్నట్టు. అలాంటి రోజున ఎవరు ఎంత బతిమాలినా ఎక్కొద్దు. బీచ్‌లో బజ్జీలు తినండి.

తర్వాత చూడాల్సింది దిగే చోటు. 2023 మార్చిలో ఇదే పాపనాశం బీచ్‌లో ఓ పర్యాటకురాలు, పైలట్ ఉన్న పారాగ్లైడర్ హైమాస్ట్ దీపస్తంభానికి చిక్కుకుంది. గంటకు పైగా గాల్లో వేలాడారు. అగ్నిమాపక సిబ్బంది కింద వల పరిచి ప్రాణాలు కాపాడారు. కాబట్టి ఇసుక ఎంత వెడల్పుంది, జనం, పడవలు, స్తంభాలు ఎక్కడున్నాయి అన్నది చూసుకోవాలి. పోటు మీద ఉన్న సముద్రం ఇసుకను మింగేస్తే దిగడానికి చోటే ఉండదు. నీళ్లలో దిగితే మెత్తగానే ఉంటుందిలే అనుకోవద్దు. రెక్కలోని అరల్లో నీరు నిండుతుంది, తాళ్లు ఒంటికి చుట్టుకుంటాయి, కెరటం లోపలికి లాగుతుంది. వెన్ను దెబ్బతినకుండా సీటు వెనక పెట్టే మెత్త నీళ్లలో తేలి మనిషిని బోర్లా తిప్పేస్తుంది. ఈత వచ్చినవాళ్లకీ కష్టమే.

ఒకేసారి నాలుగైదు ఎగురుతుంటే వాళ్ల తీరు గమనించండి. ఎదురెదురుగా వస్తే, కొండ ఎవరికి కుడివైపు ఉందో వాళ్లు తిన్నగా వెళ్లాలి, రెండోవాళ్లు సముద్రం వైపు తప్పుకోవాలి. మలుపు కూడా ఎప్పుడూ సముద్రం వైపే తిప్పాలి. కొండవైపు తిప్పేవాడు కనిపిస్తే వాడి ముందు కూర్చోబెట్టడానికి మీ పిల్లల్ని పంపకండి.

ఇక బెల్టులు. 2024 ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూలో మన తెలంగాణ అమ్మాయి ఒకరు పారాగ్లైడింగ్ చేస్తూ పడిపోయి మరణించారు. బెల్టు సరిగా ఉందో లేదో పైలట్ చూసుకోలేదన్నది అక్కడి అధికారులు మొదట చెప్పిన కారణం. కొండ ఏదైనా, తీరం ఏదైనా ఈ ఒక్కటీ మారదు. రెండు తొడల బెల్టులు, ఛాతీ బెల్టు, పైలట్‌తో కలిపే రెండు కొక్కేలు... ఐదూ మీ చేత్తో లాగి చూడండి. పైలట్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. హెల్మెట్ గడ్డం కింద బిగించి ఉండాలి, నెత్తి మీద అలంకారంగా కాదు.

2025 జనవరిలో గోవాలోని కెరి దగ్గర ఎగిరిన కాసేపటికే పారాగ్లైడర్ లోయలో పడి పర్యాటకురాలు, పైలట్ ఇద్దరూ చనిపోయారు. ఆ సంస్థకు అనుమతి లేదని పోలీసులు చెప్పారు. అనుమతి కాగితం చూపించమని అడగడం మర్యాద తక్కువ పని కాదు. పైలట్‌కి ఇద్దరిని మోసే టాండెమ్ శిక్షణ ఉందా, అదనపు పారాచూట్ ఉందా, బరువు ఎంతవరకు అన్నవి కూడా అడగండి. మీ ప్రయాణ బీమా సాహస క్రీడలకు వర్తిస్తుందో లేదో ఇంటి దగ్గరే చదువుకోండి. చాలా పాలసీల్లో వర్తించదు.

ముందే డబ్బు కట్టాం కదా అని గాలి బాగాలేకపోయినా ఎగరాలనిపిస్తుంది. 'ఎగరకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా?' అన్న ప్రశ్న అందుకే మొట్టమొదట వేయాలి. ఇవ్వనన్నవాడికి ఎగరేయడమే లాభం!

అన్నీ సరిపోయి ఎక్కారా... అయితే ఎగిరేటప్పుడు కాళ్లు నేలను వదిలినా పరుగు ఆపకండి, పైలట్ చెప్పేదాకా కూర్చోవద్దు. తొందరపడి కూర్చుంటే ఇద్దరూ అంచు దగ్గరే కూలబడతారు. ఫోన్ కింద అమ్మ చేతికి ఇచ్చి వెళ్లండి. దిగేటప్పుడు లేచి నిలబడమంటారు. ఇసుక తగలగానే నాలుగడుగులు ముందుకు నడవాలి, ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడొచ్చు.