నాణెముల పరీక్షకులు

పాతనాణెములు కొనువారు నేఁడు నాణెముకంటె దాని పెట్టెపై నతికిన చీటినే యెక్కువగా నమ్ముచున్నారు. ఈ నమ్మకము తగినచోట నిలిచినదా యని విచారింపవలసి యున్నది.

1949లో అమెరికాలో విలియం షెల్డను పెద్దసెంటు నాణెములకై 1 మొదలు 70 వఱకు కల్పించిన కొలమానమే నేఁటి తీర్పులకు మూలము. ఆ షెల్డనే అమెరికా నాణెశాస్త్ర సంఘపు మేలిసెంట్లను హరించి నాసివానిని వాని స్థానమున నుంచెనని పిమ్మట బయల్పడినది. కొలమానము మంచిదైనంత మాత్రమునఁ గొలుచువానిని నమ్మరాదు గదా! 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. యను సంస్థలు ఈ పనికిఁ బూనుకొన్నవి. ఒక్క యంకె భేదముచే వెల యినుమడించుటయుఁ గలదు. కావునఁ బరీక్షించువాఁడు వర్తకుఁడు కారాదు. తప్పు తీర్పునకుఁ బరిహార మీయవలెను. చీటిపై సంఖ్యనుబట్టి వివరములు సరిచూచుకొను వీలుండవలెను. పెట్టెలకును నకళ్లు పుట్టినవి.

మనవారికి వేఱొక చిక్కు గలదు. 1972 నాఁటి చట్టముచే నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువు. కేంద్రప్రభుత్వమో, అది యధికార మిచ్చిన సంస్థయో తప్ప నితరులు దానిని విదేశములకుఁ బంపరాదు. విక్టోరియా రూపాయిని తీర్పుకై కడలి దాఁటించుట నేరము. స్వదేశమున నీ పని చేయువారినే యాశ్రయింపవలెను. వారినిగూడఁ బై మూఁడు నియమములతోఁ దూఁచియే నమ్మవలెనని మా యభిప్రాయము.