నర్సింగు కళాశాలను ఎన్నుకొనుట

మన దేశమున నర్సింగు డిగ్రీ విద్య 1946లో ఢిల్లీ, వెల్లూరు నగరములందు ఆరంభమైనది. నేడు కళాశాలలు అనేకములు. కావున ఎన్నికయే కష్టమైనది. తల్లిదండ్రులు తరచుగా భవనమును, ఫీజును మాత్రమే విచారించుచున్నారు. అది చాలదు. రోగి మంచము చెంత నేర్వని నర్సింగు వట్టి పుస్తకవిద్య. విద్యార్థులు ఏ ఆసుపత్రిలో శిక్షణ పొందుదురు, అందు ప్రసూతి, శిశు విభాగములు కలవా, రోగులు తగినంతమంది వచ్చుచున్నారా అని ముందుగా అడుగవలెను. గుర్తింపు పత్రమును స్వయముగా చూడవలెను. గుర్తింపు లేనిచోట చదివినవారికి రాష్ట్ర నర్సింగు మండలిలో రిజిస్ట్రేషను లభింపదు. నాలుగేండ్ల శ్రమయు, ధనమును వ్యర్థమగును. ఇంటర్మీడియెట్టులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివినవారు ఈ విద్యకు దరఖాస్తు చేయవచ్చును. ఇది స్త్రీలకే తగినదనుకొనుట పొరపాటు. అన్నింటికంటె ముందు, చదువబోవు బిడ్డకు సేవయందు ఇష్టము కలదో లేదో తెలిసికొనుట పెద్దల ధర్మము.