తోక చూసి చెప్పమ్మా

మా నజ్మాలో పొద్దున్నే నిద్ర లేపేది అలారం కాదు, గోరువంకలు. కిటికీ ఏసీ డబ్బా మీద చేరి ఒకటే గోల. కొత్తగా వచ్చినప్పుడు వాటిని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది, మన ఊరి పిట్ట ఇక్కడా ఉందని. తర్వాత తెలిసింది, అవీ మనలాగే బయటి నుంచి వచ్చినవేనని. ఇక్కడి పిట్టల చోటు ఆక్రమిస్తున్నాయని ఖతార్ పర్యావరణ శాఖ వాళ్లు బోనులు పెట్టి మరీ పట్టిస్తున్నారు. అప్పటి నుంచి వాటిని చూస్తే కొంచెం ముద్దు, కొంచెం మొహమాటం. ఈసారి చెప్పబోయే కోతుల కథ కూడా కాస్త ఇలాంటిదే.

మా అమ్మాయికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు, ప్రమాదంలో ఉన్న జంతువుల మీద. 2022లో అల్ ఖోర్‌కి పాండాలు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి పిల్లలందరికీ పాండాయే. క్లాసులో సగం మంది దాన్నే ఎంచుకున్నారట. మాది మాత్రం "నేను కోతి మీద రాస్తా" అంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లో చూసిన కోతులు దానికి ఇంకా గుర్తే. శుక్రవారం వీడియో కాల్‌లో ఆ మాట అమ్మమ్మతో చెప్పింది.

అప్పటికి మా అమ్మ చేతికి కట్టు ఉంది. మాది మధిర దగ్గర పల్లెటూరు. డాబా మీద మిరపకాయలు ఆరబెడుతుంటే కోతుల గుంపు వచ్చి పడింది. ఒకటి పళ్లు ఇకిలించి మీదికి రాబోతే, అమ్మ వెనక్కి అడుగేసి మెట్ల మీద జారి పడింది. మణికట్టు ఎముక చిట్లింది. నాన్న పొలంలో ఉన్నారు, నేను ఇక్కడ. పక్కింటి పిన్ని చూసి ఆటో పిలిపించింది. ఈ సంగతి నాకు తెలిసింది రెండు రోజులకి. దూరంలో ఉన్నవాళ్లకి ఏదీ వెంటనే చెప్పరు కదా, మీకు తెలియనిదేముంది.

అలాంటి మనిషి ముందు మనవరాలు "కోతులు తగ్గిపోతున్నాయి అమ్మమ్మా, కాపాడాలి" అంటే ఎలా ఉంటుంది? "తగ్గిపోతున్నాయా! ఎవరే చెప్పింది నీకు? ఇక్కడికొచ్చి నాలుగు పట్టుకుపో. మీ ఎడారిలో పెంచుకో" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చదివిన చదువు ఇదేనా?" అని.

నేను చదివింది బీజడ్‌సీ. పెళ్లయ్యాక దాన్ని పెద్దగా వాడింది లేదు, పిల్లల హోంవర్కుకి తప్ప. కానీ ఆ మాట గుచ్చుకుంది. అమ్మ చెప్పేదీ అబద్ధం కాదు, అమ్మాయి చదివిందీ అబద్ధం కాదు. రెండూ ఎలా నిజమవుతాయో తెలుసుకోవాలని కూర్చున్నాను.

అసలు చిక్కు ఏమిటంటే, మనం కోతి అని ఒకే మాటతో పిలిచేవి రెండు జాతులు. ఒకటి దక్షిణాదిది, బానెట్ మకాక్. తల నడిమి నుంచి వెంట్రుకలు టోపీలాగా నలువైపులా పరుచుకుని, నుదుటి మీద పాపిడి తీసినట్టు ఉంటాయి. తోక ఒంటికంటే పొడుగు. ప్రపంచం మొత్తం మీద ఇది మన దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా సహజంగా ఉండదు. రెండోది రీసస్, ఉత్తరాదిది. మొహం ఎర్రన, నడుము కింద ఒళ్లు ఎర్రచాయ, తోక పొట్టి. ఇది అఫ్ఘనిస్తాన్ నుంచి చైనా దాకా ఉంటుంది. పూర్వం మన వైపు ఈ రెంటికీ గోదావరే సరిహద్దు. అవతల రీసస్, ఇవతల బానెట్. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. రీసస్ గోదావరి దాటి దక్షిణానికి దిగుతోంది, అది వచ్చిన చోటల్లా బానెట్ వెనక్కి తగ్గుతోంది. 2011లో మన దేశపు శాస్త్రవేత్తలు కొందరు దీని మీదే పరిశోధన రాశారు.

రీసస్ తనంతట తానే ఇంత దూరం నడిచి రాలేదు. ఒక ఊళ్లో కోతుల బాధ పడలేక పట్టించి, లారీ ఎక్కించి ఇంకో ఊరి పొలిమేరలో వదిలేస్తారు. వాళ్లు ఇంకో చోటికి. అలా మనమే మోసుకొచ్చాం.

ఇంకో చిత్రం. 1950ల్లో మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు పోలియో టీకా పనికీ, ప్రయోగాలకీ విదేశాలకి ఎగుమతి అయ్యేవి. వాటి సంఖ్య బాగా పడిపోయింది. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతి నిషేధించాక మళ్లీ పుంజుకున్నాయి. ఎంతగా అంటే, 2022లో వన్యప్రాణి చట్టం సవరించినప్పుడు రీసస్‌ని రక్షణ జాబితాల్లోంచే తీసేశారు.

బానెట్ కథ దీనికి తలకిందులు. ఎక్కడ చూసినా ఉన్నాయి కదా అని ఎవరూ లెక్క పెట్టలేదు. కర్ణాటకలో ఇరవై అయిదేళ్ల నాటి లెక్కల్ని కొత్త లెక్కలతో పోల్చి చూస్తే 65 శాతానికి పైగా తగ్గాయని తేలింది. ఆ పరిశోధన 2017లో అచ్చయింది. రోడ్ల పక్క మర్రిచెట్లు, చింతచెట్లు కొట్టేయడం, గుళ్ల దగ్గర నుంచి తరిమేయడం, ఇలాంటివన్నీ కలిశాయి. 2020లో ఐయూసీఎన్ దాన్ని 'లీస్ట్ కన్సర్న్' నుంచి 'వల్నరబుల్'కి మార్చింది, అంటే బెంగ లేదన్న వరసలోంచి ముప్పు ఉన్న వరసలోకి.

ఇక్కడే మా అమ్మాయి అడిగింది, "మరి పర్వత గొరిల్లాలు వెయ్యే ఉన్నాయి కదా, కోతులు వేలల్లో ఉన్నా ముప్పేంటి?" అని. మంచి ప్రశ్న. ఐయూసీఎన్ తలలే కాదు, తగ్గే వేగం కూడా చూస్తుంది. మూడు తరాల్లో 30 శాతం తగ్గితే వల్నరబుల్, 50 అయితే ఎండేంజర్డ్, 80 అయితే క్రిటికల్లీ ఎండేంజర్డ్. బ్యాంకులో ఎంత ఉందన్నది ఒక లెక్క, నెలకెంత కరుగుతోందన్నది ఇంకో లెక్క. ఇల్లు నడిపే మనకి ఈ తేడా వేరే చెప్పాలా? గొరిల్లాల డబ్బు తక్కువే, కానీ పెరుగుతోంది. 2018లో 1,004 లెక్క తేలాక వాటిని ఒక మెట్టు కిందికి దించి, ఎండేంజర్డ్‌లో పెట్టారు. ఏళ్ల తరబడి కాపలా కాసిన ఫలితం అది.

వీటన్నిటికంటే నాకు ముద్దొచ్చేది దేవాంగ పిల్లి. పేరు పిల్లి గానీ అది కోతుల చుట్టమే. గుప్పెడంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, మొహమంతా కళ్లే. తోక లేదు. శేషాచలం అడవుల్లో ఉంటుంది, రాకెట్లు ఎగిరే శ్రీహరికోటలో కూడా ఉంటుంది. రాత్రిపూట తప్ప బయటికి రాదు కాబట్టి, లెక్క పెట్టేవాళ్లు తలకి ఎర్రలైటు కట్టుకుని నడుస్తూ, చెట్లలో మెరిసే కళ్లు లెక్కేస్తారు. మందులకనీ, చేతబడికనీ దాన్ని చంపే మూర్ఖత్వం ఇంకా పోలేదు. తమిళనాడు 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో దాని కోసమే కడవూరు అభయారణ్యం ప్రకటించింది. మన రెండు రాష్ట్రాలూ ఆ దారి పడితే బాగుండునని నా ఆశ.

ఇదంతా వారం తర్వాత అమ్మకి చెప్పాను. విసుక్కుంటుందనుకున్నా. "డాబా మీదికొచ్చేవాటి తోక చూసి చెప్పమ్మా, పొడుగా పొట్టా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పొట్టివే. మొహాలు ఎర్రగా ఉంటాయి. మా చిన్నప్పుడు చెరువుగట్టు మీద ఉండేవి ఇవి కావే. వాటి తోకలు ఇంత పొడుగు. నెత్తి మీద పాపిడి. మా నాయనమ్మ వాటికి అరటిపళ్లు పెట్టేది, చేతిలోంచి నెమ్మదిగా తీసుకునేవి" అంది. పుస్తకంలో నేను వెతికింది అమ్మకి ముందే తెలుసు, ఎవరూ అడగలేదంతే.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఊళ్లో ఇంటికి ఐదొందలు వేసుకుని కోతులు పట్టేవాళ్లని పిలిపిస్తున్నారట. పట్టి ఎక్కడో అడవిలో వదులుతారట. మా వాటా నన్ను ఫోన్‌లో వేయమంది. అబద్ధమెందుకు, పంపాను. కట్టు కట్టిన ఆ చేతిని చూశాక కోతుల పక్షాన వాదించే గుండె నాకు లేదు. కాకపోతే నాన్నతో రెండు మాటలు చెప్పాను. గుడి దగ్గర తోక పొడుగువి ఉంటే వాటి జోలికి పోవద్దని చెప్పమన్నాను. పట్టినవాటిని పక్క ఊరి మీదికి తోలకుండా, నిర్మల్‌లో 2020లో పెట్టిన కోతుల కేంద్రం సంగతి అటవీ శాఖ వాళ్లని అడగమన్నాను. అక్కడ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. నాన్న "చూద్దాంలే" అన్నారు. ఆ మాటకి అర్థం మీకూ తెలుసు.

సెలవులకి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. శ్రీశైలం ఘాట్‌లోనో తిరుమలలోనో పిల్లల చేత కోతులకి చిప్స్ పెట్టించకండి. కరిచినా రక్కినా పావుగంట సేపు సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి తీసుకెళ్లండి. చిన్న గీతే కదా అని ఊరుకోవద్దు.

పోయిన శుక్రవారం అమ్మ తనే కాల్ చేసింది. కట్టు విప్పేశారు. "పాపని పిలువు" అంది. గుడికి వెళ్లిందట. "తోక పొడుగువి తొమ్మిది ఉన్నాయి. అందులో రెండు పిల్లలు, తల్లుల పొట్ట పట్టుకుని ఉన్నాయి. రాసుకో తల్లీ" అని చెప్పింది. ప్రాజెక్టు ఇచ్చేసి పది రోజులైంది. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, పెన్ను తీసి రాసుకుంది.