వెంకమ్మ పక్షమున

ఈ వేసవి మధ్యాహ్నములందు మా వీథి స్త్రీలము కొందఱము మా వసారాలో గూడి గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చదువుకొంటిమి. అనంతపురపు ఎండలో గడప దాట శక్యము గాదు. కొళాయికడ బిందెలు వరుసగా నుంచి వచ్చి, నీరు వచ్చుదనుక కూర్చుండెడివారము. మా సీమకు నాటకము పరాయిది గాదు. ఆంధ్రనాటక పితామహులని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) మా ధర్మవరమున జన్మించినవారు. బళ్లారి రాఘవగారు (1880–1946) మా తాడిపత్రిలో జన్మించినవారు. అయినను తప్పు ఒక్కరిది గాక ఇంటిల్లిపాదిదియు, ఊరందఱిదియునైన కథ చదువవలెనన్న మాకు విజయనగరపు నాటకమే తోచినది.

గ్రంథము ముగిసిననాడు ఒక ప్రశ్న పుట్టినది: ఇందఱిలో మన జాలికి ఎక్కువ పాత్రులెవరు?

బుచ్చమ్మ యని ఒకామె యనెను. పసితనమున ముసలివానికి అమ్ముడుపోయి, విధవయై, గిరీశము మాటలు నమ్మినది. మధురవాణి యని మఱియొకామె యనెను. లోకము వేశ్య యని తక్కువచేసిన ఆమె చేసిన మేలును పెద్దమనుషులు చేయరైరి. సుబ్బి యని ఒక చిన్నది పలికెను. అన్నియు నిజమే. మేము మాత్రము వెంకమ్మ పేరు చెప్పితిమి. అందఱును నవ్విరి. “ఆమెకేమి కష్టము వచ్చినదమ్మా? మగడున్నాడు, బిడ్డలున్నారు” అనిరి. ఆ నవ్వునకు సమాధానముగానే ఈ నెల ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో మార్పులతో మరల వెలువడినది. విశాఖపట్టణపు జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగర మహారాజుగారు లెక్క వ్రాయింపగా 1,034 తేలినవని గురజాడవారు పీఠికలో చెప్పిరి. వారిలో అయిదేండ్ల పిల్లలే 99 మంది. ఏడాది పిల్లలును గలరు. ఆ లెక్క చదివినప్పుడు మాకొక తలంపు కలిగినది. అంతమంది పిల్లలకును తల్లులుండిరి గదా! వారేమనిరో ఏ పట్టికయు చెప్పదు. వారందఱి పక్షమున నాటకములో మాటాడినది వెంకమ్మ.

పెద్దకూతురు చెడినది కన్నులార చూచిన తల్లి యామె. రెండవ కూతును లుబ్ధావధానులకిత్తునని అగ్నిహోత్రావధానులు పట్టుపట్టగా వలదన్నది, ఏడ్చినది, తుదకు నూతిలో దుమికినది. ఆయన పట్టు సడలలేదు. పెండ్లి తప్పించుటకు ఆమె యన్న కరటకశాస్త్రి శిష్యునికి ఆడువేషము వేసి మోసముచేయవలసి వచ్చినది. తల్లి ప్రాణమునకు లేని విలువ ఒక దొంగ వేషమునకు గలిగినది. ఇంతకన్న దైన్యమేమి యుండును?

అయితే ఆమెకు తప్పు లేదా? ఉన్నది. బుచ్చమ్మ పెండ్లినాడును ఆ యింట ఆమె యుండెను. ఆ పెండ్లి జరిగిపోయెను. కొడుకు ఇంగ్లీషు చదువునకై మురిసి గిరీశమును ఇంట బెట్టుకొన్న ముచ్చటలో ఆమె పాలును గలదు. ఆ గిరీశమే బుచ్చమ్మను తీసికొనిపోయెను. అమ్మినవాడు, కొన్నవాడు, నడుమ బేరమాడిన రామప్పంతులు వీరి తప్పులు పెద్దవి. వారికి వాని బాధ లేదు. తప్పులో తన పాలు చిన్నదైనను, దాని బరువెల్ల మోసినది తల్లి. భారతమున ద్రౌపది అడిగిన ప్రశ్నకు నిండుసభ తలవంచుకొని కూర్చుండెను. మాటకు విలువగల పెద్దలు మాటాడరైరి. వెంకమ్మ మాటాడినది, ఆమె మాటకు విలువ లేదు. అందువలననే మా జాలి ఆమెకు.

ఇది గడచిన కాలపు కథ యని పుస్తకము మూయుదమా? శారదాశాసనము 1929లో వచ్చి బాలికల వివాహమునకు 14 ఏండ్లు నియమించినది. 1978లో అది 18 అయినది. కన్యాశుల్కము పోయి వరకట్నము వచ్చినది. దానిని నిషేధించుచు 1961లో శాసనమైనది. సొమ్ము నడచు దిక్కు మాఱినది గాని తల్లి నోరు మూసికొనియుండుట మాఱలేదు. మా మెట్టసీమలో వాన తప్పి వేరుసెనగ ఎండి, బోరు వట్టిపోయిన యేట, తండ్రికి మొదట బరువుగా తోచునది ఎదిగిన కూతురు. పిల్ల చిన్నదైన కట్నము తగ్గునని చెప్పువారును గలరు.

మాతో చదువ వచ్చినవారిలో ఒకామె ఆ నవ్వులో కలియలేదు. అందఱును లేచిపోయిన పిదప బిందె చంకనెత్తుకొని, “అక్కా, మా పెద్దదానికి పదియాఱు నిండలేదు. సంబంధమొకటి వచ్చినది. వలదన్న ఆయన వినునా?” అని యడిగెను. పదునెనిమిది నిండక చేయుట నేరమని చెప్పితిమి. పిల్లను పై చదువునకు పంపు విషయము మా వారు ఆమె పెనిమిటితో మాటాడుదుమనిరి. ఆ మఱునాడు ఆమె వచ్చి, “చెప్పితినక్కా” అన్నది. ఆయన యేమనెనో చెప్పలేదు, మేమును అడుగలేదు. సంబంధపువారికి ఇంకను జవాబు పోలేదని మాత్రము వింటిమి.

సోదరీమణులారా, వెంకమ్మపై జాలిపడుట సులభము. మన వీథిలోని వెంకమ్మ నూతి గట్టునకు పోకమునుపే ఆమె మాటకు మన మాట తోడు చేయుదము. ఒక్కతె చెప్పిన గొణుగుడనెడి మగవారు పదుగురు చెప్పిన ఆలోచింతురు.