ఆ దారి అమ్మగారి మోకాళ్ళకు తగినదేనా?

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. మా అమ్మగారికి 68 ఏళ్ళు. కుడి మోకాలు అరిగిందన్నారు. రెండు కిలోమీటర్ల దూరంలోని పక్క ఊళ్ళో మా పిన్నిగారింటికి మామిడితోటల బాటన నడిచి వెళతానంటారు. పంపవచ్చునా?
– ఒక సోదరి

జవాబు: పంపవచ్చు. నడక బొత్తిగా మానేస్తే తొడ కండరాలు బలహీనపడి మోకాలిపై భారం మరింత పెరుగుతుంది. అయితే ముందు మీరొకసారి ఆ దారిన నడిచి చూడండి. దూరం కన్నా దారి తీరు ముఖ్యం. ట్రాక్టరు చాళ్ళు, వదులు కంకర, పిట్టగోడలేని తూములు, వానకు జారే చోట్లు గుర్తుంచుకోండి. అరిగిన మోకాలికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. మధ్యమధ్య నీడా, మోకాలెత్తు అరుగూ ఉండాలి. నేలమీద కూర్చుంటే లేవలేరు. ఎవరైనా చక్రాల కుర్చీలో వెళ్ళాలంటే బాట కనీసం 3 అడుగుల వెడల్పుండాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు కావాలి.

చేతికర్ర ఎడమచేత పట్టాలి. చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరకు రావాలి దాని పిడి. మొదట పావు దూరం వెళ్ళి తిరిగి రమ్మనండి. నొప్పి రెండు గంటలు దాటి నిలిచినా, మర్నాడు వాచినా దూరం తగ్గించండి. వేసవిలో ఎండెక్కకముందే నడవాలి. నడకలో గుండెనొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆగి డాక్టరుకు చూపించాలి.

అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టడం కన్నా, ఆ బాటన రెండు బల్లలు వేయించమని పంచాయతీని అడగటం మేలు.