1/70 ఎవరికి అడ్డం?

ఏజెన్సీని ఆనుకుని ఉన్న మండలాల్లో మన సంఘం సమావేశం పెట్టినప్పుడల్లా ఒక డిమాండు వస్తోంది. "1/70 చట్టం ఎత్తేయాలని తీర్మానం చెయ్యండి. మనవాళ్ళు ముప్పై నలభై ఏళ్ళుగా దున్నుకుంటున్న భూములకు పాస్‌బుక్కు లేదు, బ్యాంకు అప్పు లేదు, అవసరానికి అమ్ముకునే వీలు లేదు" అంటున్నారు. అడుగుతున్నది మన సభ్యులే. వాళ్ళ బాధ అబద్ధమూ కాదు. అయినా ఆ తీర్మానం మేం పెట్టం. ఎందుకు పెట్టమో సభ్యులందరికీ తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

అసలు "మనవాళ్ళు" అన్న మాట దగ్గరే మా పేచీ. కొండవాలున చోళ్ళు, సామలు, కందులు వేసుకునే కోయలు, కొండరెడ్లు, గోండులు, బగతలు మనవాళ్ళు కారా? మనల్ని మనం రైతులం అనుకుంటాం, వాళ్ళను గిరిజనులు అంటాం. సర్కారు కాగితాల్లోనూ అంతే. పల్లంలో దున్నేవాడు రైతు, కొండమీద దున్నేవాడు ఆక్రమణదారు. తాతలనాటి నుంచి పోడు కొట్టుకుంటున్న మనిషి తన చేలోనే దొంగ ఎట్లా అయ్యాడో మనం ఎప్పుడూ అడగలేదు.

అడవిని సర్కారు ఆస్తిగా రాసుకున్నది తెల్లదొరలు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవికి హద్దురాళ్ళు పడ్డాయి. అంతకు ముందే, 1879లో, ఇంట్లో తాగే కల్లు మీద కూడా పన్ను వేస్తే రంప కొండలు తిరగబడ్డాయి. తర్వాత పోడు మీద ఆంక్షలు, పశువుల మేత మీద ఆంక్షలు, కూలి ఇవ్వకుండా రోడ్డు పనికి తోలడం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయంటే కారణం ఇదే. అల్లూరి సీతారామరాజుకు విగ్రహాలు పెట్టాం, సినిమాలు తీశాం, జిల్లాకు పేరు పెట్టాం. ఆయన వెంట నడిచిన మనుషులు ఏం అడిగారో మాత్రం మరిచిపోయాం. వాళ్ళు అడిగింది పోడు, మేత, చేసిన పనికి కూలి. రైతు సంఘం అడిగేవి ఇవి కావా?

గోదావరికి అవతల నిజాం రాజ్యంలోనూ కథ ఇదే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక గానీ గోండుల భూముల సంగతి తెలుసుకుందామని నిజాం సర్కారుకు తోచలేదు. హైమన్‌డార్ఫ్‌ను పంపారు, ఆ తర్వాత కొన్ని పట్టాలు ఇచ్చారు. ఆ పట్టాల వెనకే బయటివాళ్ళు వచ్చారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు కాల్పులు జరిపిన రోజు అక్కడ సభ పెట్టుకున్నది గిరిజన రైతు కూలీ సంఘం. పేరులో రైతు ఉంది, అడిగింది భూమి. సర్కారు 13 మంది చనిపోయారంది. పౌరహక్కుల వాళ్ళు అంతకు చాలా రెట్లు అన్నారు. మైదానంలో అంతమంది రైతులు ఒక్కరోజు చస్తే మన సంఘాలు ఏం చేసి ఉండేవి?

ఇక 1/70 సంగతి. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. కొండవాళ్ళ భూములు సావుకార్ల చేతికి పోతున్నాయని 1917లోనే మద్రాసు సర్కారు ఒక చట్టం చెయ్యాల్సి వచ్చింది. స్వతంత్రం వచ్చాక 1959లో భూబదలాయింపు నిబంధన తెచ్చారు. దాన్ని 1970లో గట్టి చేస్తే అది 1/70 అయింది. గట్టి చెయ్యడమంటే రెండు పనులు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏ భూమైనా, కాదని అతను రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే లెక్క. గిరిజనేతరుడు ఆ భూమిని ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మరాదు. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టుకు పోయినవాళ్ళు 1988లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు.

చట్టం గెలిచింది, భూమి మాత్రం చాలావరకు తిరిగి రాలేదు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు కమిటీ లెక్క చూడండి. అప్పటిదాకా 72 వేల కేసులు, 3.21 లక్షల ఎకరాలు. తేలిన కేసుల్లో దాదాపు సగం ఆదివాసీలకు వ్యతిరేకంగా పోయాయి. పోకేం చేస్తాయి? అటుపక్క తెల్లకాగితం మీద పాత తేదీలు వేసి రాసిన అమ్మకం చీటీలు, పట్నం నుంచి వచ్చిన ప్లీడరు. ఇటుపక్క వాయిదాకు రావడానికి బస్సు చార్జీ లేని మనిషి. ఇవి చాలవన్నట్టు 1979లో పాలకులే జీవో 129 ఇచ్చారు. ఐదెకరాల మాగాణి, పదెకరాల మెట్ట వరకు ఉన్న గిరిజనేతరులను కదిలించవద్దని దాని సారాంశం. చట్టం ఒక చేత్తో ఇచ్చారు, జీవో ఇంకో చేత్తో.

భూమి చేతులు మారిన తీరు మనకు తెలియదా? ఉప్పు, బట్ట, సారా అప్పు పెట్టి పంట వేళకు వేలిముద్ర. పాలేరు పేరున బినామీ. ఆదివాసీ ఆడపిల్లను రెండో పెళ్ళి చేసుకుని ఆమె పేరున పట్టా. పొగాకు, మిరప, పత్తి వెయ్యడానికి గోదావరి ఒడ్డుకూ ఆదిలాబాద్ నల్లరేగళ్ళకూ వెళ్ళింది మన జిల్లాలవాళ్ళే. అందులో మన సంఘం సభ్యత్వం ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఈ వాక్యం రాయడం మాకు ఇష్టమై రాయడం లేదు.

ఏజెన్సీలో ఉన్న గిరిజనేతరులందరూ భూస్వాములు కారు, నిజమే. తరాలుగా అక్కడే ఉంటూ ఎకరం అరెకరం చేసుకునే దళితులు, బీసీలు ఉన్నారు. వాళ్ళకు దారి చూపించాల్సిందే. మైదానంలో ప్రభుత్వ భూమి, మిగులు భూమి చూసి ఇవ్వమని సర్కారును అడుగుదాం. ఆ బరువును మళ్ళీ కోయవాడి చేలో దించుతామంటే ఒప్పుకోం. వంద ఎకరాలవాడు ఎకరం వాడి వెనక నక్కి 1/70 ఎత్తేయమని అరిపించడం ఏళ్ళుగా చూస్తున్నాం.

పోనీ, రేపు ఎత్తేశారనుకుందాం. కొనేది ఎవరు? ఐదెకరాల రైతు కాదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, సర్కారు కూడా ఒక "వ్యక్తే", అది కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదు అని చెప్పింది. ఆ తీర్పు నిలబడింది ఈ 1/70 మీదే. గాలికొండ, జెర్రెల బాక్సైట్ ఇంకా కొండల్లోనే ఉందంటే జనం పోరాటంతోపాటు ఈ చట్టమూ కారణం. దీన్ని తీసేస్తే మొదట కొండలు పోతాయి, తర్వాత కొండల నుంచి దిగే వాగులు పోతాయి. ఆ వాగుల కింద సాగు ఎవరిదో వేరే చెప్పాలా?

2014 డిసెంబరులో భూసేకరణకు రైతుల అంగీకారం అక్కర్లేదని ఆర్డినెన్సు వస్తే దేశమంతా రోడ్డెక్కాం. 2015 ఆగస్టుకు దాన్ని వదులుకున్నారు. 2022 జూన్‌లో అటవీ సంరక్షణ నిబంధనలు మార్చి, గ్రామసభ అంగీకారం తేలకముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చేయవచ్చు అన్నారు. అదే దెబ్బ, తగిలింది అడవి రైతుకు. మన జెండా ఎక్కడా కనిపించలేదు.

పోలవరం గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం ముగిస్తే మేం పిరికివాళ్ళం. ఆ నీళ్ళు మనకు కావాలి. డెల్టా సభ్యులు ఏళ్ళుగా అడుగుతున్నారు, మేమూ అడిగాం. కానీ ముంపులో కదిలే లక్షకు పైగా కుటుంబాల్లో సగానికి పైగా ఆదివాసీలే. 2014లో ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు వాళ్ళను అడిగినవాడు లేడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం ఊళ్ళు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద కాపురం చేశాయి. డ్యాము ఎత్తు గురించి, గేట్ల గురించి, అంచనాల గురించి మనం ఎన్ని తీర్మానాలు చేశామో లెక్కలేదు. పునరావాసం పూర్తయ్యాకే నీళ్ళు నిలపాలి అని ఎన్ని చేశాం?

వచ్చే జిల్లా మహాసభల్లో మూడు తీర్మానాలు పెడుతున్నాం. 1/70కి మద్దతు ఒకటి. నిర్వాసితులకు భూమికి భూమి ఇచ్చి, ఇళ్ళు కట్టి అప్పగించాకే పోలవరంలో నీరు నిలపాలన్నది ఇంకొకటి. అటవీ హక్కుల చట్టం కింద తిరస్కరించిన దరఖాస్తులను గ్రామసభల ముందు మళ్ళీ విచారించాలన్నది మూడోది. ముసాయిదాలు మండల కమిటీలకు పంపాం. వ్యతిరేకించేవాళ్ళు రండి, సభలోనే మాట్లాడుకుందాం. ఏజెన్సీ సంతల్లో చింతపండు, పసుపు, జీడిపిక్కలు కొనే మన సభ్యులు మాత్రం మహాసభ దాకా ఆగనక్కర్లేదు. వచ్చే సంత నాటికి కాటాలు సరిచేయించుకోండి.