తాకట్టుకు కాగితం లేని సాగు

కృష్ణా తీరంలోని దేవదుర్గను కర్ణాటకలో అత్యంత వెనుకబడిన తాలూకాల్లో ఒకటిగా, ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన నంజుండప్ప కమిటీ 2002లోనే గుర్తించింది. నారాయణపుర కుడి కాలువ పారాక ఇక్కడ వరి, పత్తి, మిరప పండుతున్నాయి. నీటితో పాటు పెట్టుబడి ఖర్చూ పెరిగింది. ఆ పెట్టుబడికి అప్పు పుట్టాలంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న: తాకట్టుకు ఏముంది?

తాకట్టు అడగడం తప్పు కాదు. బ్యాంకు ఇచ్చేది డిపాజిటర్ల సొమ్ము. అది తిరిగి వస్తుందన్న భరోసా ఉంటేనే వడ్డీ తగ్గుతుంది, గడువు పెరుగుతుంది. అందుకే రుణపత్రంలో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి: అప్పు ఎంత, హామీగా పెట్టిన ఆస్తి ఏది, బాకీ తీరకపోతే బ్యాంకుకు దానిపై ఏ హక్కు ఉంటుంది.

హామీ రూపాలు వేరు. బంగారం కుదువ పెడితే నగ బ్యాంకు చేతికి వెళుతుంది. ట్రాక్టర్‌ను హైపోథికేషన్ చేస్తే బండి రైతు దగ్గరే ఉంటుంది, కానీ ఆర్‌సీలో బ్యాంకు పేరు పడుతుంది. భూమి తనఖా పెడితే బాకీ పహాణీకి, అంటే భూమి రికార్డుకు ఎక్కుతుంది. ఆ నమోదే బ్యాంకుకు అసలు రక్ష. తర్వాత కొనేవారికైనా, మరో అప్పు ఇచ్చేవారికైనా ఆ భూమి మీద ముందే బాకీ ఉందని తెలుస్తుంది.

ఈ హక్కుకు చట్టం హద్దులూ గీసింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు తీర్పు లేకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. సాగుభూమికి మాత్రం ఆ చట్టం వర్తించదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఇంత ఏర్పాటూ పహాణీలో పేరున్న రైతుకే అందుతోంది. కర్ణాటకలో 1974 భూసంస్కరణల సవరణ సాగుభూమిని కౌలుకు ఇవ్వడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. దున్నేవాడికే భూమి దక్కాలన్నది దాని ఉద్దేశం. కౌలు మాత్రం ఆగలేదు, నోటిమాటగా మారింది. దేవదుర్గ ఉన్న రాయచూరు జిల్లాలో క్యాంపులు కట్టుకుని స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనైనా, స్థానిక కన్నడ రైతుల్లోనైనా, కౌలు భూమి దున్నేవారి చేతిలో కాగితం ఉండదు. ఇంటి బంగారం, ఖాళీ చెక్కు, పంట తనకే అమ్మాలన్న వ్యాపారి షరతు వారికి తాకట్టు అవుతాయి. షరతుకు లొంగినవాడు వడ్డీతో పాటు పంట ధరలోనూ నష్టపోతాడు.

ఆంధ్రప్రదేశ్ 2019లో 11 నెలల సాగు ఒప్పందపు చట్టం తెచ్చింది. భూయజమాని హక్కుకు భంగం రాదని హామీ ఇచ్చింది. అయినా ఆ చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. చాలామంది కౌలు రైతులు ఆ సంతకం దగ్గరే ఆగిపోయారు. కర్ణాటక చట్టాన్ని మార్చదలిస్తే ఈ అనుభవం నుంచి నేర్చుకోవాలి.

చట్టం మారేదాకా ఆగనక్కర లేని దారులూ ఉన్నాయి. నోటిమాట కౌలుదారులకూ కిసాన్ క్రెడిట్ కార్డుకు అర్హత ఉంది. నలుగురు కలిసి ఒకరికొకరు పూచీపడే ఉమ్మడి బాధ్యతా సంఘాలకు నాబార్డు తోడ్పాటు ఉంది. పండిన పంటను గుర్తింపు పొందిన గోదాములో పెట్టి, ఆ రసీదుపై అప్పు తీసుకోవచ్చు. అప్పుడు భూమి ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఈ మూడింటినీ కౌలు రైతు గడపకు చేర్చే పని బ్యాంకు శాఖలది, వ్యవసాయ శాఖది.

రైతులూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటి రుణం వంటి వ్యక్తిగత రుణాల్లో, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. సంతకం పెట్టేముందు పత్రం చదివించుకోండి, నకలు అడిగి తీసుకోండి, అప్పు తీరిన రోజే పత్రాల కోసం రాతపూర్వకంగా అడగండి.